అనకోస్టియా వెంట, ఎగువ నుంచి సంగమం దాకా

సోమవారం: పెయింట్ బ్రాంచ్

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు రెండు నదులున్నాయి. స్మారక కట్టడాల పక్కన పారుతూ ఫొటోలన్నిటిలోనూ కనిపించేది పొటోమాక్. నగరానికి తూర్పున, పాత నౌకా కర్మాగారాన్నీ చెత్త కుప్పలు పోసిన మైదానాలనూ ఒరుసుకుంటూ వచ్చి, చివరికి ఆ పొటోమాక్‌లోనే కలిసిపోయేది అనకోస్టియా. ‘మరచిపోయిన నది’ అన్న పేరు దీనికి ఊరికే రాలేదు. దీనిని బాగుచేయాలన్న పట్టుదలతో అనకోస్టియా వాటర్‌షెడ్ సొసైటీ 1989లో ఏర్పడింది. ఆ తరువాత ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, ఇంజనీర్లు, ఇంటి యజమానులు ఒక్కొక్కరుగా ఈ పనిలోకి వచ్చారు. నదిలో చేరే మురికిలో పెద్ద భాగం ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద, పార్కింగ్ స్థలాల మీద పడిన వాన కడిగి తెచ్చేదే కనుక, ఆ వాన పడే చోటు నుంచే మొదలుపెట్టి నీటి వెంట కిందికి రావాలని నిశ్చయించుకుని, అద్దెకు తీసుకున్న సైకిలుతో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ నుంచి బయలుదేరాను.

అనకోస్టియా పరీవాహక ప్రాంతం సుమారు 176 చదరపు మైళ్లు. అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలలోనే ఉంది. అంటే రాజధాని నగరం తన హద్దుల లోపల ఎంత శుభ్రం చేసుకున్నా, పైనున్న శివారు పట్టణాలు ఏమి వదిలితే అదే నగరంలోకి వస్తుంది. నీటి లెక్కకూ పాలనా సరిహద్దుల లెక్కకూ పొంతన లేని ఇటువంటి నది ప్రపంచంలో ఇదొక్కటే కాకపోవచ్చు గాని, ఇక్కడ ఆ చిక్కు అడుగడుగునా కనబడుతుంది.

పెయింట్ బ్రాంచ్ ఎగువ భాగం చూస్తే, ఇది మురికినదిగా పేరుపడ్డ నదికి పుట్టిల్లంటే నమ్మబుద్ధి కాదు. నాలుగు అంగల్లో దాటగలిగిన వెడల్పు, అడుగున గులకరాళ్లు, పైన దట్టమైన చెట్ల నీడ; జూలై నడుమ కూడా నీటిలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. చల్లని నీటిలో తప్ప బతకని బ్రౌన్ ట్రౌట్ చేప ఈ వాగులో ఎవరూ పిల్లలను తెచ్చి వదలకుండానే తనంతట తాను సంతానాన్ని పెంచుకుంటోంది. వాననీటి కాలుష్యమనగానే నూనె, చెత్త, మలినాలు గుర్తుకు వస్తాయి. వేడి కూడా కాలుష్యమేనన్న సంగతి ఈ చేప వల్ల తెలుస్తుంది. ఎండకు కాగిన తారు మీద పడిన వాన ఆ వేడినంతా పీల్చుకుని తూముల గుండా నేరుగా వాగులో పడితే, నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగి ట్రౌట్‌కు ఊపిరాడదు. అందుకే ఈ ఎగువ ప్రాంతాన్ని కౌంటీ 1995లో ప్రత్యేక రక్షిత ప్రాంతంగా ప్రకటించింది; కొత్తగా కట్టే కట్టడాలలో నీరింకని నేల మొత్తం స్థలంలో నూటికి ఎనిమిది పాళ్లు మించరాదన్న పరిమితి కూడా తరువాత వచ్చింది. పాడైన వాగును బాగుచేయడం కంటే బాగున్న వాగును కాపాడుకోవడం ఎంతో చవక అని చెప్పడానికి ఈ చోటు చాలు. అయితే ఇది పరీవాహక ప్రాంతంలో చిన్న ముక్క మాత్రమే.

సాయంత్రానికి దిగువన కాలేజ్ పార్క్ చేరేసరికి అదే వాగు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం గుండా, విశాలమైన పార్కింగ్ స్థలాల పక్కగా పారే ఈ భాగంలో గట్లు నిలువుగా కోసుకుపోయి, చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. ఒక ఎకరం కప్పు మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్లకు పైగా నీరు చేరుతుంది. అదే అడవి నేల అయితే అందులో చాలా భాగాన్ని తాగేసి, మిగిలినదాన్ని రోజుల తరబడి మెల్లగా వదులుతుంది. తారూ సిమెంటూ పరచిన చోట ఆ నీరంతా అరగంటలో వాగు మీద పడి, గట్టును కోసుకుంటూ ఆ మట్టినే దిగువకు మోసుకుపోతుంది. నదిలోకి చేరే ఒండ్రులో కొంత వీధుల నుంచి వస్తే, కొంత ఇలా వాగు తన గట్లను తానే తినడం వల్ల వస్తుంది. వాన వెలిసిన రెండు రోజులకు చూస్తే వాగులో చీలమండ మునిగేంత నీరు కూడా ఉండదు, ఎందుకంటే నేలలోకి ఇంకి ఊటగా రావలసిన నీరు వానతోపాటే వెళ్లిపోయింది.

మంగళవారం: ఎడ్మన్‌స్టన్

పెయింట్ బ్రాంచ్, ఇండియన్ క్రీక్ అనే రెండు వాగులు లేక్ ఆర్టెమీసియా దగ్గర కలిసి నార్త్‌ఈస్ట్ బ్రాంచ్ అవుతాయి. దాని గట్టు వెంటే సైకిలు బాట ఉంది. ఆ బాట మీద కొద్ది దూరం పోతే ఎడ్మన్‌స్టన్ వస్తుంది. పదిహేను వందల జనాభా ఉన్న ఈ చిన్న పట్టణం 2000 దశకంలో పదేపదే వరద పాలయింది. పల్లంలో ఉండటం ఒక కారణమైతే, పైనున్న ఊళ్ల వాననీరంతా దీని నెత్తిన పడటం మరో కారణం. నష్టపోయిన ఊరు పైవాళ్లను తిట్టుకుంటూ ఊరుకోక, తన వంతు నీటిని తానే నేలలోకి దింపుకోవాలని సంకల్పించడం నాకు విశేషంగా తోచింది. అప్పటి మేయర్ ఆడమ్ ఓర్టిజ్ హయాంలో, ఆర్థిక మాంద్యం నాటి కేంద్ర ఉద్దీపన నిధుల నుంచి సుమారు 11 లక్షల డాలర్లు తెచ్చుకుని, 2010లో డెకటూర్ స్ట్రీట్ అనే ప్రధాన వీధిని పూర్తిగా మార్చి కట్టారు.

ఈ వీధిని కాలినడకన ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. వాహనాల దారి ఇరుకు చేశారు. ఆ మిగిలిన స్థలంలో రోడ్డుకూ కాలిబాటకూ నడుమ పొడవాటి గుంతలు తవ్వి, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టి నింపి, ఈ నేలకు అలవాటైన గడ్డి జాతులనూ పొదలనూ చెట్లనూ నాటారు. ఇవే రెయిన్ గార్డెన్లు, మన మాటలో వానతోటలు. రోడ్డు అంచునున్న సిమెంటు గట్టును అక్కడక్కడా జానెడు మేర కోసి, వాననీరు తూములోకి పోకుండా ఈ గుంతలోకి మళ్లేలా చేశారు. గుంతలోని మట్టి నీటిని వడకట్టి, లోహాలనూ నూనెనూ పట్టి ఉంచుకుంటుంది. మొక్కల వేళ్లు నత్రజనినీ భాస్వరాన్నీ కొంత వరకు వాడుకుంటాయి. మిగిలిన నీరు నేలలోకి దిగుతుంది. ఈ పద్ధతి రూపుదిద్దుకున్నది కూడా ఈ ప్రిన్స్ జార్జెస్ కౌంటీలోనే, 1990ల తొలినాళ్లలో. ఇవాళ ప్రపంచమంతటా నగరాలు అనుసరిస్తున్న ఆలోచనకు జన్మస్థలం అనకోస్టియా శివార్లలోని ఈ మామూలు కౌంటీ అన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు.

ఒక గుంత దగ్గర ఆగి, ఆ కోసిన గట్టు ముందు కూర్చుని పరిశీలించాను. ప్రవేశద్వారం దగ్గర బొటనవేలంత ఎత్తున మట్టి మేటవేసింది. దాని మీద నిరుటి ఆకులు, రెండు సిగరెట్ పీకలు, ఒక సీసా మూత అతుక్కుని ఉన్నాయి. ఆ మేట ఇంకో అంగుళం పెరిగితే వాననీరు గుంతలోకి మళ్లలేక పక్కనుంచి జారి నేరుగా తూములోకి పోతుంది. లోపలి మొక్కలు మాత్రం పచ్చగానే కనబడుతూ ఉంటాయి. వానతోటలు విఫలమయ్యేది చాలాసార్లు ఇలాగే, చప్పుడు లేకుండా. ప్రారంభోత్సవానికి నిధులు దొరికినంత సులభంగా ఏడాదికి నాలుగు సార్లు పార పట్టి ఆ మేట తీసే మనిషి జీతానికి దొరకవు. డెకటూర్ స్ట్రీట్‌లో మిగతా గుంతలు బాగానే ఉన్నాయి. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారన్నది స్పష్టం. ఆ ఒక్క గుంతను కూడా వాళ్లు ఈ వారంలోనో వచ్చే వారంలోనో శుభ్రం చేస్తారనే అనుకుంటాను.

బుధవారం: బ్లేడెన్స్‌బర్గ్

నార్త్‌ఈస్ట్ బ్రాంచ్, నార్త్‌వెస్ట్ బ్రాంచ్ కలిసే చోట అసలు అనకోస్టియా మొదలవుతుంది. అక్కడి నుంచి పొటోమాక్ సంగమం దాకా తొమ్మిది మైళ్లలోపే. ఈ దూరమంతా ఆటుపోట్లు తగిలే నీరే. బ్లేడెన్స్‌బర్గ్ 1742లో ఓడరేవుగా ఏర్పడింది. పొగాకు నింపుకున్న సముద్ర నౌకలు ఇక్కడి నుంచే బయలుదేరేవి. పొగాకు కోసం అడవులు కొట్టి దున్నిన మట్టి వానలకు కొట్టుకువచ్చి రేవును పూడ్చేసింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు ఓడలు రావడం మానేశాయి. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సేన ఇక్కడే అమెరికన్ సేనను ఓడించి, అదే రాత్రి వాషింగ్టన్‌లోకి పోయి శ్వేతసౌధానికి నిప్పు పెట్టింది. పర్యాటకులకు చెప్పే కథ ఆ యుద్ధమే గాని, ఊరి రాత మార్చింది మట్టే.

రేవుగా ఉన్న చోట ఇప్పుడు పడవలు అద్దెకిచ్చే పార్కు ఉంది. నేను వెళ్లినప్పుడు నీరు తీసి ఉంది. ఒడ్డు పక్కన బురద తిన్నెలు బయటపడి, వాటి మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఈ నది ప్రవాహం ఎంత మందకొడిగా ఉంటుందంటే, ఎగువ నుంచి వచ్చిన మలినం పొటోమాక్ చేరడానికి మామూలు రోజుల్లో వారాలు పడుతుంది. పోటు వచ్చినప్పుడల్లా వెనక్కి నెట్టబడి, పాటు వచ్చినప్పుడు కొద్దిగా ముందుకు జరుగుతుంది. వేగంగా పారే నదికి వాన తెచ్చిన చెత్తను సముద్రానికి వదిలించుకునే వీలైనా ఉంటుంది. దీనికి అదీ లేదు.

చెత్త విషయంలో ఇక్కడ జరిగిన పని చెప్పుకోదగ్గది. నదిలో తేలే చెత్తను కూడా కాలుష్యకారకంగా గుర్తించి, దానికి 2010లో గరిష్ఠ పరిమితి విధించారు. రెండు పాలనా ప్రాంతాల గుండా పారే నదికి ఇలా చెత్త మీద పరిమితి పెట్టడం అమెరికాలో అప్పటికి అరుదు. అదే ఏడాది జనవరి 1 నుంచి వాషింగ్టన్‌లో తిండి పదార్థాలు అమ్మే దుకాణాలన్నిటిలో ప్లాస్టిక్, కాగితపు సంచికి 5 సెంట్ల రుసుము మొదలైంది. ఆ చట్టం పేరులోనే అనకోస్టియా ఉంది. వసూలైన డబ్బులో దుకాణదారు వాటా పోగా మిగిలినది నది శుద్ధి నిధికి చేరుతుంది. 2016 నుంచి నగరంలో ఫోమ్ పెట్టెల్లో తిండి అమ్మకం కూడా నిషిద్ధమైంది. అయిదు సెంట్లు ఎవరికీ భారం కాదు, అయినా చాలామంది సంచి వద్దంటారు. డబ్బు కంటే ‘సంచి కావాలా?’ అన్న ప్రశ్నే ఎక్కువ పనిచేస్తుందని నా అనుమానం.

గురువారం: కెనిల్‌వర్త్

2016లో పూర్తయిన బాట మీదుగా బ్లేడెన్స్‌బర్గ్ నుంచి నగరంలోకి సైకిలు మీదే రావచ్చు. కెనిల్‌వర్త్ జలోద్యానంలో జూలై అంటే తామరల కాలం. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన వాల్టర్ షా అనే గుమాస్తా 1880లలో తన సొంత రాష్ట్రం మెయిన్ నుంచి కలువలు తెచ్చి ఇక్కడి చెరువులో వేశాడు. ఆయన తరువాత కూతురు హెలెన్ ఫౌలర్ ఆ తోటను పెద్ద వ్యాపారంగా పెంచింది. నదిని తవ్వి ఒడ్డులు పూడ్చే పనిలో ఉన్న సైనిక ఇంజనీర్లు ఈ తోటను కూడా మింగేసేవారే. 1938లో ప్రభుత్వం కొని జాతీయ ఉద్యానాల శాఖకు అప్పగించడంతో బతికింది.

తామరల కంటే వెనుకనున్న చిత్తడి నేల కోసమే నేను అక్కడ ఎక్కువసేపు గడిపాను. ఈ నదికి ఇరువైపులా ఒకప్పుడు ఉన్న ఆటుపోటు చిత్తడి నేలల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇరవయ్యో శతాబ్దంలో పూడ్చివేతల పాలయ్యాయి. వచ్చిన నీటిని ఆపి, నెమ్మదింపజేసి, మట్టిని దించుకుని వడకట్టే పని ఉచితంగా చేస్తున్న వ్యవస్థను తీసేసి రాతి గట్లు కట్టారు. 1993లో నది నుంచి తవ్విన ఒండ్రునే పరచి ఇక్కడ సుమారు 32 ఎకరాల చిత్తడి నేలను తిరిగి తయారుచేశారు. కర్రల వంతెన మీద నిలబడితే రెండు పక్కలా మనిషెత్తు జమ్ము, దాని మధ్య అడవి వరి కనిపించాయి. ఈ వరికి గొప్ప శత్రువు కెనడా బాతు. వలస పోవడం మాని ఇక్కడే స్థిరపడిన బాతుల గుంపులు లేత మొక్కలను మొదలంటా మేసేస్తాయి కాబట్టి, నాటిన మడుల చుట్టూ కంచెలు కట్టారు. ఆ కంచెల లోపల గింజ కట్టిన వరి, బయట బోసి బురద. కంచె అవసరమా అని అడిగేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. నీటిని వడకట్టే మంచినీటి ఆల్చిప్పలను కూడా వాటర్‌షెడ్ సొసైటీ పెంచి నదిలోకి వదులుతోంది.

నదిలో బ్రౌన్ బుల్‌హెడ్ అనే జెల్ల జాతి చేప అడుగు బురదలోనే తిరుగుతుంది. 1990ల చివర పరిశీలించినప్పుడు వయసు ముదిరిన చేపల్లో సగానికి పైగా కాలేయంలో కణితులు బయటపడ్డాయి. బొగ్గు, నూనె, ఇంధనం కాలినప్పుడు పుట్టే కొన్ని రసాయనాలు బురదలో పేరుకోవడమే ఇందుకు ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ రసాయనాలకు ఒక దారి పార్కింగ్ స్థలాల నల్లపూత. బొగ్గు తారుతో చేసిన ఈ పూత టైర్ల కింద అరిగి పొడిగా మారి, వానతో తూముల్లోకి పోతుంది. వాషింగ్టన్ నగరం 2009లో ఆ పూతను నిషేధించింది. తరువాతి పరిశీలనల్లో చేపల కణితులు బాగా తగ్గాయి. దీనికి ఆ ఒక్క నిషేధమే కారణమని నేను అనను. కాని వాననీటిని శుద్ధి చేయడం కంటే వాన కడిగే వస్తువునే మార్చేయడం ఎంత తేలికో ఆలోచించవలసిందే. తొట్లు, సొరంగాలు, తోటలు కట్టనక్కరలేకుండా ఒక చట్టంతో అయిపోయిన పని అది.

శుక్రవారం: కింగ్‌మన్ దీవి, వాన

మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడి గంటసేపు ఉరుములతో కుండపోతగా కురిసింది. ఈ ప్రయాణానికి ఇంతకన్నా అనుకూలమైన వాతావరణం లేదు కాబట్టి, వాన తగ్గగానే కింగ్‌మన్ దీవి వంతెన మీదికి చేరాను. నది నుంచి తవ్వి తీసిన మట్టితో వందేళ్ల కిందట చేసిన దీవి ఇది. నీరు టీ రంగుకు తిరిగింది. మొదట ఆకులూ పుల్లలూ వచ్చాయి, వాటి వెనుక నురగ, నురగలో చిక్కుకుని సీసాలు, చిప్స్ సంచులు, ఒక టెన్నిస్ బంతి, ఒక పిల్లవాడి చెప్పు. మొదటి పావుగంట నీటిలోనే మురికి అత్యధికంగా ఉంటుంది, ఎందుకంటే నాలుగు రోజులుగా వీధుల్లో పేరుకున్న టైర్ల పొడి, బ్రేకుల నుంచి రాలిన రాగి, కుక్కల మలం, పచ్చికకు చల్లిన ఎరువు అంతా ఆ తొలి నీటిలోనే కొట్టుకువస్తుంది. పావుగంట దాటాక నది రంగు మారలేదు గాని చెత్త పలచబడింది.

ఈ నది కథలో రెండు రకాల కాలువలున్నాయని ఇక్కడ చెప్పాలి. నగరంలో మూడో వంతు ప్రాంతంలో, పంతొమ్మిదో శతాబ్దంలో వేసిన పాత పద్ధతి ప్రకారం, మరుగుదొడ్ల నీరూ వాననీరూ ఒకే గొట్టంలో పోతాయి. వాన ఎక్కువైతే ఆ గొట్టం నిండి, మలంతో కలిసిన నీరు నదిలోకి పొర్లుతుంది. మిగతా మూడింట రెండు వంతుల నగరంలోనూ, పైనున్న మేరీలాండ్ శివార్లలోనూ వాననీటికి వేరే కాలువ ఉంది. ఆ కాలువ ఏ శుద్ధి కేంద్రానికీ పోకుండా తిన్నగా వాగులోనో నదిలోనో తెరుచుకుంటుంది. మొదటి రకాన్ని ఒక పెద్ద పనితో ఆపవచ్చు. రెండో రకం వేలాది తూములుగా విడిపోయి ఉంటుంది.

నగరపు నీటి సరఫరా, మురుగునీటి పనులు చూసే డీసీ వాటర్ సంస్థ నదీతీరంలో హెచ్చరిక దీపాలు పెట్టింది. కలిపిన మురుగు పొర్లుతుంటే ఎర్రదీపం, పొర్లడం ఆగాక ఒక రోజు పాటు పసుపు దీపం వెలుగుతాయి. ఆ సాయంత్రం నడకదారి పక్కనున్న దీపం దగ్గరికి వెళ్లి చూస్తే అది వెలగలేదు. పొర్లే మురుగును పట్టి ఉంచడానికి నేల కింద తవ్విన కొత్త సొరంగం ఆ గంట వాననంతా మింగిందన్నమాట. ఇది నిజంగా గొప్ప విషయం. అయితే ఆరిపోయి ఉన్న ఆ దీపం కింద నుంచే టీ రంగు నీరూ సీసాలూ పోతున్నాయి, ఎందుకంటే ఎడ్మన్‌స్టన్ వీధి నీటికి గాని కాలేజ్ పార్క్ పార్కింగ్ స్థలపు నీటికి గాని ఆ దీపంతో సంబంధం లేదు.

శనివారం: శ్మశానవాటికా, ఇళ్ల పెరళ్లూ

నగరం 2013లో ఒక నియమం తెచ్చింది. 5,000 చదరపు అడుగులు మించి నేలను కదిలించే ఏ కొత్త నిర్మాణమైనా మొదటి 1.2 అంగుళాల వాననీటిని తన స్థలం దాటనివ్వరాదు. ఏడాదిలో కురిసే వానల్లో పదింట తొమ్మిది ఆ పరిమాణానికి లోపలే ఉంటాయి. నేల ఖరీదు ఆకాశమంటే నగర కేంద్రంలో ఇది కష్టం కాబట్టి, కనీసం సగం తన స్థలంలో ఆపి, మిగిలిన సగానికి మరెక్కడో నీటిని ఆపినవారి దగ్గర పత్రాలు కొనుక్కోవచ్చు. ఏడాది పాటు ఒక గాలన్ నీటిని ఆపగల సామర్థ్యానికి ఒక పత్రం. పైకి ఇది లెక్కల గారడీలా కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుంటూ మౌంట్ ఆలివెట్ కాథలిక్ శ్మశానవాటికకు వెళ్లాను.

బ్లేడెన్స్‌బర్గ్ రోడ్డు పక్కన గుట్ట మీద ఉన్న ఈ పాత శ్మశానం లోపల గుర్రపుబగ్గీల కాలం నాటి దారులు తారు పోసి, అవసరానికి మించిన వెడల్పుతో ఉండేవి. వాటి నీరు హికీ రన్ అనే వాగులోకి, అక్కడి నుంచి అనకోస్టియాలోకి పోయేది. నీరింకని ప్రతి చదరపు అడుగుకూ నగరంలో రుసుము ఉంది కనుక శ్మశానానికి పెద్ద బిల్లులే వచ్చేవి. నేచర్ కన్సర్వెన్సీ సంస్థ చర్చి పెద్దలతో ఒప్పందం చేసుకుని, తారు దారుల్లో కొంత భాగాన్ని పెకలించి, ఆ చోట వానతోటలు వేయించి, వాటికి వచ్చిన పత్రాలను భవన నిర్మాతలకు అమ్మే ఏర్పాటు చేసింది. చర్చికి రుసుము తగ్గింది, నిర్మాతకు నియమం నెరవేరింది, వాగుకు నీటి తాకిడి తగ్గింది. సమాధుల వరుసల మధ్య, దారి అంచుకు ఆనుకుని, నిన్నటి వాన తడి ఇంకా ఆరని ఆ గుంతల్లో తేనెటీగలు మూగుతున్నాయి. నగర కేంద్రంలో ఒక భవనం కప్పు కింద చచ్చీచెడీ తొట్టి కట్టి ఆపే గాలన్ పొటోమాక్ వైపు పోయే నీటిలో ఒక చుక్క. ఇదే గాలన్‌ను ఇక్కడ ఆపితే ఒక చిన్న వాగు గట్టు నిలబడుతుంది. అందుకే ఈ క్రయవిక్రయాల పద్ధతి మీద నా సందేహం చాలా వరకు తీరింది. ఒక్కటి మాత్రం మిగిలింది: పత్రం అమ్మినన్నాళ్లూ గుంతను చూసుకుంటారు, ధర పడిపోతే?

మధ్యాహ్నం నగరపు ఇళ్ల వీధుల్లో తిరిగాను. రివర్‌స్మార్ట్ అనే పథకం కింద ఇంటి యజమానికి కప్పు నీరు పట్టే పీపాకూ, నీడచెట్టుకూ, వానతోటకూ నగరం రాయితీ ఇస్తుంది. ఒక ఇంటి ముందు ఒక పెద్దాయన పీపా కుళాయి విప్పి మొక్కలకు నీరు పెడుతున్నాడు. మాట కలిపితే, “వాన రాబోయే ముందే పీపా ఖాళీ చేయాలండీ, అది తెలియక సగం మంది నిండా పెట్టుకుని కూర్చుంటారు. నిండిన పీపా వానను ఎలా పట్టుకుంటుంది?” అన్నాడు. ఆయన మాటలో ఉన్న ఇంజనీరింగ్ జ్ఞానం కొన్ని కరపత్రాల్లో కూడా ఉండదు.

ఆదివారం: నేవీ యార్డ్ నుంచి సంగమం

1799లో ఏర్పడిన నౌకా కర్మాగారం పరిసరాలు ఇప్పుడు ఖరీదైన ఇళ్లూ, బేస్‌బాల్ మైదానమూ, నదీతీర పార్కులూ అయ్యాయి. నది శుభ్రపడుతున్న కొద్దీ ఒడ్డు ధర పెరుగుతుంది. నది చెడిపోయిన కాలమంతా దాని పక్కనే బతికిన నల్లజాతి కుటుంబాలు అద్దెలు భరించలేక వెళ్లిపోవలసి రావడం ఇక్కడ అందరూ మాట్లాడుకునే విషయమే. బాగుచేసిన నది ఎవరికన్న ప్రశ్నకు ఇంజనీర్ల దగ్గర జవాబు లేదు. వారిని అడగడం కూడా న్యాయం కాదు.

దగ్గరలోని కెనాల్ పార్క్ ఒకప్పటి కాలువ దారి మీద, స్కూలు బస్సులు నిలిపిన స్థలంలో 2012లో తెరిచిన మూడు వీధుల పొడవు పార్కు. తనపైనా చుట్టుపక్కల కప్పులపైనా పడిన వాననీటిని భూమి కింద తొట్లలో పట్టి, శుద్ధి చేసి, ఫౌంటెన్లకూ మొక్కలకూ శీతకాలపు మంచు మైదానానికీ వాడుతుంది. పిల్లలు ఆ ఫౌంటెన్లలో తడుస్తున్నారు. శుక్రవారం నాటి వాన వారి మీద పడుతోందని ఆ పిల్లలకు తెలియదు.

ఈ ఒడ్డు కిందనే, దాదాపు వంద అడుగుల లోతున, 23 అడుగుల వ్యాసమున్న సొరంగం ఉంది. 2005 నాటి న్యాయస్థానపు ఒప్పందం మేరకు మొదలైన ఈ పనిలో సొరంగం తవ్విన యంత్రాలకు లేడీ బర్డ్, నానీ, లూసీ వంటి పేర్లు పెట్టారు. లూసీ అంటే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మహిళా విద్యార్థుల డీన్‌గా పనిచేసిన టెన్నిస్ విజేత లూసీ డిగ్స్ స్లో. మొదటి భాగం 2018లో, చివరి భాగం 2023లో నీరు పట్టడం మొదలుపెట్టాయి. వాన సమయంలో కలిపిన మురుగును పట్టి ఉంచి, వాన తగ్గాక బ్లూ ప్లెయిన్స్ శుద్ధి కేంద్రానికి పంపుతుంది. ఒకప్పుడు అనకోస్టియాలోకి పొర్లిన మురుగులో సగటు ఏడాదికి నూటికి 98 పాళ్లు ఇప్పుడు ఆగిపోతుంది. ఇది పూర్తయిన పని.

పూర్తి కానిదేమిటన్నది ఈతను బట్టి తెలుస్తుంది. నగర నదుల్లో ఈత 1971 నుంచి నిషిద్ధం. 2023 జూలైలో కింగ్‌మన్ దీవి దగ్గర అధికారిక అనుమతితో ఒక రోజు ఈత కొట్టించాలని అనకోస్టియా రివర్‌కీపర్ సంస్థ ఏర్పాట్లు చేసింది. ముందు కురిసిన వానలకు నీటిలో సూక్ష్మజీవులు పెరగడంతో వాయిదా వేయవలసి వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటిలో, మలం చేరిందనడానికి గుర్తయిన ఈ-కోలి సూక్ష్మజీవుల సంఖ్య 410 దాటితే ఈతకు పనికిరాదన్నది ఇక్కడి ప్రమాణం. వేసవి పొడుగునా స్వచ్ఛంద కార్యకర్తలు వారం వారం సీసాల్లో నీరు పట్టుకెళ్లి పరీక్షిస్తారు. ఎండ కాసిన వారం చాలాచోట్ల ఫలితం ప్రమాణానికి లోబడి ఉంటుంది, వాన పడిన మరుసటి రోజు ఉండదు.

బజర్డ్ పాయింట్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదుట హెయిన్స్ పాయింట్, దాని పక్కన రెండు నీళ్లు కలిసే చోటు. శుక్రవారం వాన తాలూకు మట్టి రంగు అనకోస్టియా వైపు ఇంకా విరగలేదు. నిర్మాణ నియమం కొత్త భవనాలకే గాని, అంతకు ముందు వేసిన వేల ఎకరాల తారుకు వర్తించదు. మేరీలాండ్ తన పెద్ద కౌంటీలన్నీ వాననీటి రుసుము వసూలు చేయాలని 2012లో శాసించి, ‘వాన పన్ను’ అంటూ చెలరేగిన ఎగతాళికి తలవంచి 2015లో ఆ నిర్బంధాన్ని ఎత్తివేసింది. ఇప్పుడది కౌంటీల ఇష్టం. నగరం కింద సొరంగం తవ్వడానికి పట్టినన్ని ఏళ్లు ఎగువ శివార్లలో ఉన్న పార్కింగ్ స్థలాలను ఒక్కొక్కటిగా కోసి గుంతలు వేయడానికి పడతాయో, అంతకు మించి పడతాయో నిర్ణయించేది ఆ కౌంటీల బడ్జెట్ సమావేశాలే. మరుసటి వారం ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో అటువంటి సమావేశం ఒకటి ఉందని తెలిసి, తిరుగు ప్రయాణాన్ని మూడు రోజులు వాయిదా వేసుకున్నాను.